పొడి డబ్బా మీద హెచ్చరిక కంటికి ఆనేలా వేయడం ఎలా?

విశాఖలో ఇళ్లలోనూ డ్వాక్రా సంఘాల్లోనూ తయారయ్యే పొడులు, పచ్చళ్లు ఇప్పుడు పూర్ణా మార్కెట్ కిరాణా కొట్ల నుంచి ఎంవీపీ కాలనీ సూపర్ మార్కెట్ల దాకా వెళ్తున్నాయి. ఎండు రొయ్యల కారం, పల్లీ కారం డబ్బాలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే ఎర్రటి పొడి, అదే సైజు, అదే మూత. రొయ్యలు పడనివాళ్లకి ఆ తేడా చెప్పాల్సింది లేబులే. పొరపాటున తింటే దద్దుర్లతో మొదలై గొంతు వాచి ఊపిరాడని స్థితి దాకా వెళ్లొచ్చు. హెచ్చరిక వేయించేశాం కదా అని ఊరుకుంటే చాలదు, కొనేవాళ్ల కళ్లు దాని మీద పడుతున్నాయో లేదో చూసుకోవాలి.

1. ఏం చెప్పాలో తేల్చుకోండి

దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం కొన్ని పదార్థాలు వాడితే ఆ సంగతి లేబుల్ మీద విడిగా చెప్పి తీరాలి. అవి గోధుమలాంటి గ్లూటెన్ (ఒక రకం జిగురు ప్రోటీన్) ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పులాంటి గింజలు, సోయా, కిలోకి 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైట్ (సరుకు నిల్వ ఉండటానికి వేసే రసాయనం). ఆవాలు, నువ్వులు ఆ జాబితాలో లేవు. అయినా ఇవి పడనివాళ్లు ఉన్నారు, మన ఆవకాయలో రెండూ ఉంటాయి. నా మాట వింటే వాటినీ రాయండి.

చట్టం ఇంగ్లీషులోనో హిందీలోనో రాయమంటుంది. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. మన దగ్గర అమ్మే డబ్బా మీద తెలుగు లేకపోతే ఆ హెచ్చరిక చాలా ఇళ్లలో చదివేవాళ్లే ఉండరు. అదే సైజులో తెలుగులోనూ వేయండి.

2. చూపు ఎటు పోతుందో అక్కడ పెట్టండి

డబ్బా చేతిలోకి తీసుకోగానే చూసేది పేరు, బొమ్మ. ఆ తర్వాత ధర, తేదీ. పని కట్టుకుని వెనక్కి తిప్పి చదివేవాళ్లు తక్కువ. అందుకే హెచ్చరిక ముందువైపే, పేరుకి ఆనుకుని ఉండాలి.

శాకాహార గుర్తు చూడండి. దాన్ని ఎవరూ వెతుక్కోరు. ఏ ప్యాకెట్ మీదైనా పేరు దగ్గరే, ఒకే రూపంలో ఉంటుంది కాబట్టి చూపు దానంతటదే అటు పోతుంది. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది, 2020 నిబంధనలతో అది త్రిభుజమైంది. రంగుల తేడా తెలియనివాళ్లు కూడా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టగలరు. మీ హెచ్చరికా ఒక్క రంగు మీదే ఆధారపడకూడదు. మీ డబ్బాలన్నిటి మీదా ఒకే చోట, ఒకే ఆకారంలో ఉండాలి.

3. చుట్టూ ఖాళీ ఉంచండి

హెచ్చరిక అంటే ఎరుపే అనుకుంటాం. కారం లేబులే ఎరుపు, పసుపు అయినప్పుడు అందులో ఎర్ర అక్షరాలు కలిసిపోతాయి. చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి గుర్తు తప్పనిసరి చేసింది. రంగురంగుల ప్యాకెట్ మీద నలుపు ఇట్టే కనబడుతుంది. 2020లో మెక్సికో కూడా అదే బాట పట్టింది. మీకైతే తెల్లటి పెట్టెలో లావుపాటి నల్ల అక్షరాలు చాలు. ఆ పక్కనే ‘అమ్మ చేతి రుచి’, ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ లాంటి మెరుపు చుక్కలు పెట్టనివ్వకండి. డీటీపీ చేసే కుర్రాడికి ఖాళీ కనిపిస్తే ఏదో ఒకటి నింపాలనిపిస్తుంది. వద్దని గట్టిగా చెప్పండి.

4. కొట్లో పెట్టి పరీక్షించండి

అసలు పని ఇదే. కంప్యూటర్ తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. రెండు రకాల లేబుళ్లు ప్రింటు తీయించి, నిజం డబ్బాలకి అంటించి, తెలిసిన కిరాణా యజమానిని అడిగి షెల్ఫులో మిగతా సరుకుల మధ్య పెట్టండి.

వచ్చినవాళ్లకి హెచ్చరిక ఊసెత్తొద్దు. “ఇది కొంటారా, ఒకసారి చూడండి” అని చేతికిచ్చి, నాలుగైదు క్షణాలయ్యాక వెనక్కి తీసుకుని “దీని మీద ఏమేం చూశారు?” అని అడగండి. రొయ్యలు పడవని తెలిసినవాళ్లు ఎంత చిన్న అక్షరాన్నయినా వెతికి పట్టుకుంటారు. ప్రమాదం వెతకనివాళ్లతోనే. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడికి అన్నంలో పొడి కలిపి పెట్టే అత్తయ్య కంట్లో అది పడాలి. కాబట్టి మీ పరీక్ష అలాంటివాళ్ల మీదే జరగాలి.

ఒక మనిషికి ఒక్క లేబులే చూపించండి. మొదటిది చూశాక రెండోదాంట్లో ఏం వెతకాలో తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్లని అడగొద్దు, వాళ్లకి ముందే తెలుసు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చే పెద్దవాళ్లని, తెలుగు మాత్రమే చదవగలిగేవాళ్లని తప్పకుండా కలపండి. పదిమందిలో కనీసం ఏడుగురైనా హెచ్చరిక సంగతి ఎత్తకపోతే ఆ లేబుల్ పక్కన పెట్టేయండి.

ఆ తర్వాత “ఇలా రాశారంటే ఏమిటి మీకర్థమైంది?” అనీ అడగండి. కనబడింది కదా అని అర్థమైనట్టు కాదు. ‘రొయ్యల అవశేషాలు ఉండవచ్చు’ అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. ‘రొయ్యలు దంచే మిషన్‌లోనే ఇదీ దంచాం’ అంటే చప్పున అర్థమవుతుంది. ఆ ‘ఉండవచ్చు’ వాక్యం తీసేయకండి, దాని కిందే ఇదీ వేయండి.

5. డబ్బాకి చుట్టి చూడండి

గుండ్రటి సీసాకి లేబుల్ చుట్టాక రెండు అంచులు కలిసే చోట ఒక వరస కిందకి పోతుంది. హెచ్చరిక సరిగ్గా ఆ అతుకులో పడకుండా చూసుకోండి. మెరిసే లామినేషన్ ట్యూబ్‌లైటు కింద తెల్లగా మెరిసి అక్షరాలు కనబడనివ్వదు, మెరవని మ్యాట్ రకం నయం. ఇంక్‌జెట్ ప్రింటుకి నూనె చేతులు తగిలితే అలుక్కుపోతుంది. పైగా మన సముద్రపు తేమకి చవక గమ్ము అంచులు లేచిపోతాయి. ఇంకో సంగతి, కొట్టువాళ్లు ధర స్టిక్కర్ అంటించేది ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే, అంటే మీ హెచ్చరిక మీదే. వెనకవైపు ‘ధర ఇక్కడ’ అని చిన్న గడి గీసి పెడితే ఆ బెడద తప్పుతుంది.

6. అన్నిటికీ ఒకే వాక్యం వేయకండి

ఎందుకైనా మంచిదని ప్రతి డబ్బా మీదా ‘పాలు, గింజలు, చేపలు, గుడ్లు ఉండవచ్చు’ అని అచ్చేస్తే, పది డబ్బాలు చూశాక ఎవరూ దాన్ని చదవరు. ఏది నిజంగా ఉందో, ఏది అదే మిషన్‌లో దంచారో అదే రాయండి. జీడిపప్పు ధర పెరిగి వేరుశనగ వేసిన రోజే పాత లేబుళ్ల కట్ట చించేయండి, మిగిలాయి కదా అని ఒక్కటీ అంటించొద్దు.