రంద మిషన్ తుప్పు ఇట్ల వదిలింది

మిర్యాలగూడలో ఒక సామిల్లు మూలకు పడున్న పాత రంద మిషన్ కొన్నా. దాని బీడు ఇనుప బల్ల మీది తుప్పు డీజిల్ పోసి ఎమిరీ కాగితంతో రుద్దితే పోయింది. నట్లు, బోల్టులే మొండికేశాయి.

వాటికి కరెంటు పద్ధతే మేలు. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు, లీటరుకు చెంచాడు వాషింగ్ సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్. మైనస్ తీగ తుప్పు ముక్కకు, ప్లస్ తీగ పాత ఇనుప ముక్కకు. నీళ్లలో ఆ రెండు ముక్కలూ ఒకదానికొకటి తగలొద్దు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దే వద్దు, అందులోని క్రోమియం నీళ్లలోకి విషంగా దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, దగ్గర బీడీ కూడా ముట్టించొద్దు.

సాయంత్రం ఛార్జర్ ఆపి తీస్తే నల్లటి మడ్డి. బ్రష్‌కే రాలిపోయింది, మరలు చెక్కుచెదరలేదు! కడగ్గానే తుడిచి, ఎండలో ఆరబెట్టి నూనె పూశా. తడిగా వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. బ్లేడ్లు ఇందులో వేయలేదు, గట్టి ఉక్కు హైడ్రోజన్‌కు పెళుసుబారొచ్చు.