నాస్‌లో బ్యాకప్ ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయితే: లక్షణం, కారణం, పరిష్కారం

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో, కర్నూలు ఫోటో స్టూడియోల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో రెండు డిస్కుల నాస్ పెట్టె (ఆఫీసు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నీ ఫైళ్ళు దాచుకునే స్టోరేజ్) ఇప్పుడు మామూలు విషయమైపోయింది. దానిలోని బ్యాకప్ పోయే తీరు కూడా చాలాచోట్ల ఒకటే. పత్తి సీజన్‌లో పని ముమ్మరంగా ఉన్న రోజున స్టోరేజ్ నిండిపోయిందని హెచ్చరిక వస్తుంది. గుమాస్తా అన్నిటికంటే పెద్ద ఫోల్డర్ ఏదో చూసి, అందులో పేరు అర్థం కాని, ఎవరూ ఎప్పుడూ తెరవని ఫైళ్ళే ఉన్నాయి కాబట్టి పనికిరానివనుకొని తీసేస్తాడు.

ఇక్కడ చాలామంది కంగారులో ఒక సంగతి మరిచిపోతారు. పోయింది నకలు మాత్రమే. అసలు డేటా చాలావరకు ఆఫీసు కంప్యూటర్‌లో క్షేమంగానే ఉంటుంది. అందుచేత మొట్టమొదట చేయవలసింది నాస్ దగ్గర కాదు, ఆ కంప్యూటర్ దగ్గర: టాలీ డేటా, బిల్లులు, ఫోటోలు వెంటనే వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఆ తరువాత నాస్‌లో కొత్తగా ఏదీ రాయబడకుండా ఆపాలి. బ్యాకప్ షెడ్యూళ్ళను, ఫోన్ల నుంచి వచ్చే ఫోటో సింక్‌ను నిలిపివేయడం ఎవరికైనా తోస్తుంది గాని, అదే పెట్టెలోకి సీసీ కెమెరాల రికార్డింగ్ రాత్రింబవళ్ళు పడుతోందన్న సంగతి తరచుగా ఎవరికీ గుర్తుండదు. డిలీట్ అయిన ఫైళ్ళు ఉన్న చోటును ముందుగా చెరిపేసేది ఆ రికార్డింగే.

ఇప్పుడు నాస్ అడ్మిన్ పేజీలో వాల్యూమ్ (డిస్కుల మీద ఏర్పరచిన స్టోరేజ్ భాగం) ఎంత నిండి ఉందో చూడండి. ఉదాహరణకు 3.1 టీబీ నిండి ఉండవలసిన వాల్యూమ్‌లో డిలీట్ తరువాత కూడా అంతే చూపిస్తుంటే, ఆ డేటా రీసైకిల్ బిన్‌లోనో, స్నాప్‌షాట్‌లోనో (ఒకానొక సమయాన ఫోల్డర్ ఎలా ఉందో నాస్ భద్రపరచిన రూపం) ఉందని, లేదా కేవలం అనుమతులు మారి ఫోల్డర్ కనిపించడం లేదని అర్థం. అంకె బాగా తగ్గిపోతే మాత్రం ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఏర్పాటు) ఆ చోటును ఖాళీగా లెక్కించడం మొదలుపెట్టింది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న వాల్యూమ్‌లో ఈ తగ్గుదల కనిపించడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకూడదు.

లక్షణం: విండోస్ నుంచి డిలీట్ చేశారు, కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లో లేదు

నెట్‌వర్క్ డ్రైవ్‌లోని ఫైలును తీసేసినప్పుడు అది మామూలుగా కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. నాస్‌కు తనదైన బిన్ ఉంటుంది. సినాలజీ కంపెనీ నాస్‌లో హాష్ (#) గుర్తుతో, క్యూనాప్ కంపెనీ నాస్‌లో ఎట్ (@) గుర్తుతో మొదలయ్యే రీసైకిల్ ఫోల్డర్ అది. షేర్డ్ ఫోల్డర్‌కు ఆ సౌకర్యం ముందే ఆన్ చేసి ఉండాలి. అడ్మిన్‌కు మాత్రమే కనిపించేలా పెట్టి ఉండవచ్చు గనుక గుమాస్తా లాగిన్‌తో వెతికి లేదనుకోవద్దు. బిన్‌ను నిర్ణీత సమయానికి ఖాళీ చేసే షెడ్యూల్ ఉంటే ముందు దాన్ని ఆపి, ఫైళ్ళను కాపీ చేయకుండా రిస్టోర్ ఆప్షన్‌తోనే వెనక్కి తీసుకోండి. కాపీ చేస్తే అదే డిస్కు మీద మళ్ళీ రాసినట్టవుతుంది.

లక్షణం: బిన్ కూడా ఖాళీ

ఎస్‌ఎస్‌హెచ్‌లో (నాస్‌కు దూరం నుంచి ఆదేశాలు టైప్ చేసి ఇచ్చే మార్గం) తీసేసినవి బిన్‌కు చేరవు; పాత వెర్షన్‌లను బ్యాకప్ ప్రోగ్రామే తన నిలుపుదల నియమం ప్రకారం తీసేసినా చేరకపోవచ్చు. కంప్యూటర్‌లో పోయిన ఫైలు నాస్‌లోనూ మాయమైతే మీరు నడుపుతున్నది బ్యాకప్ కాదు, సింక్ (రెండు చోట్లనూ ఒకేలా ఉంచడం). విండోస్‌లోని కాపీ ఆదేశం రోబోకాపీని మిర్రర్ ఆప్షన్‌తో నడిపితే జరిగేది అదే. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచే రెయిడ్ ఇందులో ఏమీ కాపాడదు, ఎందుకంటే డిలీట్ కూడా రెండు డిస్కుల మీదా ఒకేసారి జరుగుతుంది.

వీటన్నిటికీ మందు స్నాప్‌షాటే. సినాలజీలో స్నాప్‌షాట్ రెప్లికేషన్‌ను, క్యూనాప్‌లో స్నాప్‌షాట్ మేనేజర్‌ను తెరిచి డిలీట్‌కు ముందు తేదీని ఎంచుకోండి. షేర్డ్ ఫోల్డర్ మొత్తాన్ని వెనక్కి తిప్పితే ఆ తేదీ తరువాత వచ్చిన మంచి ఫైళ్ళు కూడా పోతాయి గనుక, స్నాప్‌షాట్‌ను తెరిచి కావలసిన ఫోల్డర్‌ను మాత్రమే తీసుకోవడం మేలు.

ఫైళ్ళన్నిటి ఎక్స్‌టెన్షన్ ఒక్కసారిగా మారిపోతే అది పొరపాటు కాదు, రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్). 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ పెట్టెల మీద పడిన క్యూలాకర్ ఫైళ్ళను పాస్‌వర్డ్‌తో ఆర్కైవ్‌లుగా మార్చేసింది. అటువంటప్పుడు ముందు నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి.

లక్షణం: బిన్ లేదు, స్నాప్‌షాట్ లేదు

ఇక మిగిలింది డిస్కు స్థాయి రికవరీ. నాస్‌ను అడ్మిన్ పేజీ నుంచే సక్రమంగా షట్‌డౌన్ చేసి, ఏ అరలోది ఏ డిస్కో అంకె రాసి అంటించి, బయటికి తీయండి. అసలు డిస్కు మీద ఏ ప్రోగ్రామూ నడపకుండా, డిస్కు నకలు తీసే డీడీరెస్క్యూ ప్రోగ్రామ్‌తో మరో డిస్కులోకి యథాతథంగా నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయాలి. సెకనుకు 150 ఎంబీ చొప్పున చదివినా 4 టీబీ డిస్కుకు దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది; మన వేసవి వేడికి, కరెంటు కోతలకు తట్టుకునేలా డిస్కుకు ఫ్యాను, కంప్యూటర్‌కు యూపీఎస్ లేకుండా మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

ఫలితం మీద ఆశ కొంచెం అదుపులో ఉంచుకోవాలి. ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఫైలు తీసేసినప్పుడు అది డిస్కులో ఎక్కడెక్కడ ఉందో చెప్పే వివరం చెరిగిపోతుంది. ఫోటోరెక్ వంటి రికవరీ ప్రోగ్రామ్‌లు ఫైలు ఆరంభపు గుర్తును పట్టి వెతుకుతాయి కాబట్టి పెళ్ళి ఫోటోలు బాగానే దొరుకుతాయి గాని, వందల జీబీల బ్యాకప్ ఫైలు ముక్కలై ఉంటే అతకదు, ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే గుర్తే దొరకదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే పాత ట్రీ రూట్‌ల (ఫైళ్ళ వివరాల పాత పట్టికల) నుంచి రిస్టోర్ ఆదేశంతో కొంత రాబట్టే అవకాశం ఉంది. ఎస్‌ఎస్‌డీల మీద ట్రిమ్ (తీసేసిన ఫైళ్ళ చోటును తుడిచేసే ఏర్పాటు) పనిచేసి ఉంటే ఖర్చు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఫైళ్ళు తిరిగి వచ్చాక వాటి సైజు చూసి తృప్తిపడవద్దు. ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లో (మొదట పూర్తిగా, తరువాత మారినవి మాత్రమే దాచేది) మొదటి పూర్తి ఫైలు దెబ్బతింటే, దాని మీద ఆధారపడిన తరువాతి ఫైళ్ళన్నీ వృథా. బ్యాకప్ ప్రోగ్రామ్‌లోని వెరిఫై నడిపి, టాలీ కంపెనీ ఒకదాన్ని వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, తెరిచి, చివరి వోచర్ తేదీని సరిచూడండి. అది సరిపోయాకే షెడ్యూళ్ళను మళ్ళీ ఆన్ చేసి, బ్యాకప్ ఫోల్డర్‌లో రాసే హక్కును బ్యాకప్ ప్రోగ్రామ్ లాగిన్‌కు మాత్రమే ఇచ్చి, గుమాస్తా లాగిన్‌కు చదివే హక్కు మాత్రమే ఉంచండి. సీసీ కెమెరాల రికార్డింగ్‌ను వేరే వాల్యూమ్‌కు మార్చండి.