గల్ఫుకు కొత్తగా వచ్చే మన గోదావరి వాళ్లకు: పంటిపోటు తగ్గిన రోజే జాగ్రత్త

గత నెలలో మలికిపురం వైపు నుంచి కువైట్‌కు కొత్తగా వచ్చిన ఒక కుర్రవాడు మా గదిలో దిగాడు. నాలుగో రోజు నుంచి ఎడమ దవడను అరచేత్తో పట్టుకొని తిరుగుతూ, ఎవరడిగినా తలనొప్పి అని చెబుతూ, అందరూ పడుకున్నాక చీకట్లో లవంగాలు నమిలేవాడు. పన్నెండో రోజున నొప్పి పోయిందన్నా అని నవ్వుతూ చెప్పినప్పుడు నాకు గుండె జారినట్లయింది, ఎందుకంటే నా మొదటి ఏడాది నేను కూడా సరిగ్గా అలాగే నవ్వాను.

అకామా (ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి), సిమ్ కార్డు, ఇంటికి డబ్బు పంపడం వంటి సంగతులు గదిలోని వాళ్లు మీకు ఎలాగూ చెబుతారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను. నేను చెప్పదలచినది ఒక్క పన్ను గురించే.

నేను వచ్చిన మూడో నెలలో కింది దవడ పన్ను సలపడం మొదలైంది. మా అమ్మ సంచిలో సర్దిన లవంగ నూనెను దూదితో నేరుగా పెట్టుకుంటే చిగురు తెల్లబడి పొర లేచింది గాని నొప్పి మాత్రం ఒక గంట ఆగేది. జీతం చేతికి రాకుండా ఆస్పత్రికి ఎందుకని అలాగే రోజులు నెట్టాను. తొమ్మిదో రోజున పోటు దానంతట అదే ఆగిపోయింది, అమ్మకు ఫోను చేసి తగ్గిపోయిందని కూడా చెప్పాను. మూడు వారాల తరువాత ఒక శుక్రవారం తెల్లవారేసరికి దవడ వాచి, జ్వరం వచ్చి, నోట్లో ఒక వేలు పట్టడమే కష్టమైంది. చీము తీసి, పన్ను పీకి పంపారు. ఆ పన్నుతో పాటు వారం రోజుల కూలీ కూడా పోయింది.

అసలు జరిగేది ఇది. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పన్ను పైనున్న గట్టి పొరను కరిగించి లోపలికి దారి చేస్తుంది. పన్ను మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తని గుజ్జు ఉంటుంది. అది వాచినప్పుడు చుట్టూ ఉన్న గట్టి గోడలు దానికి చోటివ్వవు కాబట్టి ప్రాణం పోతున్నట్లు ఉంటుంది, పడుకుంటే తలకు రక్తం ఎక్కువై మరింత పోటు పెడుతుంది. ఆ గుజ్జు చచ్చిపోయిన రోజున నొప్పి ఆగుతుంది. చచ్చింది నరమే గాని సూక్ష్మజీవులు కావు. అవి వేరు కొస నుంచి దవడ ఎముకలోకి దిగి అక్కడ చీము పట్టిస్తాయి. చల్లని నీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోతే పుచ్చు ఇంకా పైపైనే ఉండవచ్చు. ఆ జివ్వుమనడం నిమిషాల తరబడి ఉండిపోయినా, వేడి టీకి పోటెత్తినా, నిద్రలోంచి లేపినా నరం దాకా వెళ్లినట్లే. అంత నొప్పి వైద్యం లేకుండా మాయమైతే అప్పుడు మీరు పరుగెత్తాలి, పండగ చేసుకోకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లకు చెవికెక్కదు.

లవంగం పనికిరాదని నేను అనడం లేదు. అందులోని యూజినాల్ అనే పదార్థం చోటును తిమ్మిరెక్కించే మాట నిజమే. ఒక చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కల లవంగ నూనె కలిపి, దూదితో పన్నుకు మాత్రమే అద్దండి, మింగకండి. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే చిగురు శుభ్రపడుతుంది. బుగ్గ మీద బయటి నుంచి గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టి, తల ఎత్తున పెట్టుకొని పడుకోండి. పారాసిటమాల్ వేసుకుంటే రోజంతటిలో 4000 మిల్లీగ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుందని మరిచిపోకండి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని రోజున ఇబుప్రొఫెన్ మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ఇవన్నీ డాక్టరు దగ్గరికి చేరేదాకా ఓర్చుకోవడానికే, ఏర్పడిన పుచ్చును వీటిలో ఏదీ పూడ్చదు.

జిల్లేడు పాలు పెట్టమని ఊరి నుంచి ఎవరు ఫోనులో చెప్పినా వినకండి, అవి నోటిని పుండు చేస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పన్ను పక్కన ఖైనీ దట్టించడం, ఆస్పిరిన్ మాత్రను చిగురుకు ఆనించడం, దంచిన వెల్లుల్లి కట్టడం, పక్క మంచం వాడి దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ రెండు వేసుకోవడం, ఇవన్నీ నేను కళ్లారా చూశాను, చూసిన ప్రతిసారీ ఒళ్లు మండింది.

ఇంకా బయలుదేరని వాళ్లు విమానం టికెట్టు కన్నా ముందు పళ్లు చూపించుకోండి. భీమవరంలోని విష్ణు దంత కళాశాల వంటి చోట్ల పిప్పిపన్నుకు సిమెంటు పెట్టించుకోవడానికి ఇక్కడ దినార్లలో అయ్యేంత ఖర్చు కాదు. ఇక్కడ చాలామంది బీమాలో పళ్ల వైద్యం ఉండదు. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలను డాక్టరు చీటీ లేకుండా సంచిలో పెట్టకండి, గల్ఫు దేశాల్లో వాటి మీద గట్టి నిఘా ఉంది. దుబాయి, సౌదీ వెళ్లేవాళ్లు అదే నిఘా వల్ల మసాలాలో గసగసాలు కూడా తీసేయాలి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా తెచ్చుకోండి, ఇంటి రుచి లేక మనసు ఎంత కొట్టుకుంటుందో నాకు తెలుసు. అయితే భోజనంతో పాటే తినేసి నోరు పుక్కిలించండి. పని మధ్యలో గంటకొకసారి తాగే చక్కెర టీ వాటికన్నా ఎక్కువ చేటు చేస్తుంది, ఎందుకంటే పన్నుకు కోలుకొనే వ్యవధి దొరకదు.

దవడ కింద గాని మెడలో గాని వాపు వచ్చి, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా తెల్లవారేదాకా ఆగవద్దు. కువైట్‌లో 112, ఖతార్‌లో 999, ఒమన్‌లో 9999 నంబరుకు ఫోను చేయండి.

భయం లేదని ముందే చెబితే మీరు మళ్లీ లవంగాల డబ్బా తీస్తారని ఇంతసేపు ఆగాను. పుచ్చు పైపైన ఉన్నప్పుడే వెళితే చాలావరకు ఒక్క పూటలో పని అయిపోతుంది, మత్తు సూది వేశాక పెద్దగా నొప్పి కూడా తెలియదు. నరం చచ్చినా రూట్ కెనాల్‌తో, అంటే లోపలి గుజ్జు తీసి శుభ్రం చేసి పూడ్చే వైద్యంతో, పన్ను నిలిచే అవకాశం ఉంది. మా గది కుర్రవాణ్ణి ఆ సాయంత్రమే చెయ్యి పట్టుకొని తీసుకెళ్లాను. డబ్బు మేము నలుగురం వేసుకున్నాం, రెండు జీతాల్లో తీరుస్తానన్నాడు. వాపు రాకముందే చేరినందువల్ల పన్ను దక్కింది, ఇప్పుడు రెండు వైపులా నములుతున్నాడు.