పైథాన్ సర్వర్‌కి టీఎల్‌ఎస్ పెడుతున్నారా, హ్యాండ్‌షేక్‌ని అక్సెప్ట్‌లో ఇరికించకండి

మామూలు సాకెట్ సర్వర్ రాయడం వచ్చినవాళ్లకి దానికి టీఎల్‌ఎస్ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) తగిలించడం పెద్ద పనేం కాదు, నాలుగైదు లైన్లు అంతే, కానీ అవి ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టే సర్వర్ నిలబడటమా పడకేయడమా తేలుతుంది.

ముందు సర్టిఫికెట్ సంగతి, అంటే సర్వర్ తానెవరో చూపించుకునే ఫైల్. లోకల్‌లో ఆడుకోడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో సెల్ఫ్ సైన్డ్, అంటే మనమే సంతకం పెట్టుకున్నది ఒకటి చేసుకుంటే చాలు, సొంత డొమైన్ ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఫ్రీగా ఇస్తుంది, గడువు మహా అయితే 90 రోజులు కాబట్టి రెన్యువల్ ఆటోమేటిక్‌గా జరిగేలా అప్పుడే చూసుకోండి. సర్టిఫికెట్ ఒక్కటే ఉన్న ఫైల్ కాకుండా మధ్యలో ఉండే సర్టిఫికెట్లు కూడా కలిపిన ఫుల్‌చైన్ ఫైలే ఇవ్వండి. లేకపోతే మీ క్రోమ్‌లో చక్కగా ఓపెన్ అవుతుంది, కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో కొడితే మాత్రం నమ్మనంటుంది, ఎందుకంటే మధ్యలో మిస్ అయిన సర్టిఫికెట్‌ని క్రోమ్ తనే వెతికి తెచ్చుకుంటుంది, కర్ల్‌కి అంత ఓపిక లేదు. ప్రైవేట్ కీ ఫైల్‌కి పర్మిషన్ 600, అంటే ఓనర్ ఒక్కరే చదివేలా.

తర్వాత కాంటెక్స్ట్, అంటే టీఎల్‌ఎస్ సెట్టింగులన్నీ ఉండే ఆబ్జెక్ట్. ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లోని క్రియేట్ డిఫాల్ట్ కాంటెక్స్ట్ ఫంక్షన్‌కి పర్పస్ కింద క్లయింట్ ఆథ్ ఇవ్వాలి. మనం రాసేది సర్వర్ కదా, సర్వర్ ఆథ్ ఇవ్వాలేమో అనిపిస్తుంది, అందరూ ఒకసారైనా ఇక్కడ బోల్తా పడతారు, పేరు అలా పెట్టారు మరి. దానికి లోడ్ సర్ట్ చైన్‌తో ఫుల్‌చైన్, కీ ఫైల్స్ రెండూ ఎక్కించండి, ఇదంతా సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారే, కనెక్షన్ వచ్చినప్పుడల్లా కాదు. పాత ట్యుటోరియల్స్‌లో కాంటెక్స్ట్ లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లోని ర్యాప్ సాకెట్‌ని (సాకెట్‌కి టీఎల్‌ఎస్ తొడిగే ఫంక్షన్) పిలుస్తారు, అది పైథాన్ 3.12లో తీసేశారు. టీఎల్‌ఎస్ 1.0, 1.1 లకి 2021లోనే స్వస్తి పలికారు, పైథాన్ 3.10 నుంచి ఈ డిఫాల్ట్ కాంటెక్స్ట్ 1.2 కంటే కిందకి దిగదు, దాన్ని కెలక్కండి.

ఇక అసలు విషయం. చాలా ఉదాహరణల్లో లిజనింగ్ సాకెట్‌నే ర్యాప్ చేసేసి దాని మీద అక్సెప్ట్ పిలుస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ అప్పుడు హ్యాండ్‌షేక్ (అసలు డేటాకి ముందు రెండు వైపులా జరిగే టీఎల్‌ఎస్ ఒప్పందం) కూడా అక్సెప్ట్ లోపలే జరుగుతుంది, అంటే ఎవడో కనెక్ట్ అయి ఒక్క బైట్ కూడా పంపకుండా ఊరుకున్నాడనుకోండి, వాడొక్కడి కోసం వెనక క్యూ అంతా ఆగిపోతుంది. నా సర్వర్ ఒకటి ఇలాగే రాత్రంతా ఉలుకూ పలుకూ లేకుండా పడుంది, సీపీయూ సున్నా, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, రీస్టార్ట్ చేస్తే బతుకుతుంది మళ్లీ కాసేపటికి అదే తంతు, చివరికి చూస్తే ఏదో పోర్ట్ స్కానర్ కనెక్షన్ తెరిచి వదిలేసింది.

కాబట్టి లిజనింగ్ సాకెట్‌ని మామూలుగానే ఉంచండి. అక్సెప్ట్ ఇచ్చిన కొత్త సాకెట్‌ని వెంటనే ఒక థ్రెడ్‌కి అప్పగించేయండి, ఆ థ్రెడ్‌లో ముందు సెట్ టైమౌట్ 10 సెకన్లు, ఆ తర్వాతే కాంటెక్స్ట్ మీద ర్యాప్ సాకెట్, సర్వర్ సైడ్ ట్రూ. ఈ వరస మార్చకండి, ర్యాప్ సాకెట్ దగ్గరే హ్యాండ్‌షేక్ అయిపోతుంది కాబట్టి టైమౌట్ తర్వాత పెడితే లాభం లేదు. దీని చుట్టూ ట్రై పెట్టి ఓఎస్ ఎర్రర్ పట్టుకోండి, ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్, టైమౌట్, కనెక్షన్ రీసెట్ అన్నీ దాని పిల్లలే. పైథాన్‌లోని అసింక్ఐఓ లైబ్రరీ వాడేవాళ్లకి ఈ గొడవ లేదు, స్టార్ట్ సర్వర్‌కి కాంటెక్స్ట్ ఇస్తే హ్యాండ్‌షేక్ టైమౌట్ అదే చూసుకుంటుంది, డిఫాల్ట్ 60 సెకన్లు.

టెస్ట్ ఇలా చేయండి: ఒక విండోలో టెల్‌నెట్‌తో మీ పోర్ట్‌కి కనెక్ట్ అయి ఏమీ టైప్ చేయకుండా వదిలేయండి, ఇంకో విండోలో కర్ల్ కొట్టండి. జవాబు టక్కున రావాలి, పది సెకన్లకి టెల్‌నెట్ తెగిపోవాలి. లాగ్‌లో హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అని ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్ కనిపిస్తే కంగారు పడకండి, ఎవరో అడ్రస్‌లో హెచ్‌టీటీపీఎస్‌కి చివర ఎస్ మర్చిపోయారు అంతే.