తొడ వెనక కండరాలు సాగదీయడం ఎలా? ముందు ఓ తువ్వాలు తెచ్చుకోండి

పొద్దున్నే పార్కుకి వెళ్తే రోజూ ఇదే సీను. ఒళ్లింకా నిద్రలోనే ఉంటుంది, వాకింగ్ మొదలే పెట్టరు, నిలబడి నడుము వంచేసి కాలి వేళ్లు అందుకోవాలని ఊగుతుంటారు, పైగా ఒకటి, రెండు, మూడు అని లెక్కొకటి. వేళ్లు అందితే ఒళ్లు సాగినట్టేనట! చాలామందికి అక్కడ వంగేది వెన్నే. రాత్రంతా పడుకుని ఉంటాం కాబట్టి వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి, లేవగానే నడుము వంచితే వాటి మీద ఒత్తిడి మరీ ఎక్కువ.

తొడ వెనక ఉండే మూడు కండరాలనీ హామ్‌స్ట్రింగ్స్ అంటారు. కింద కూర్చున్నప్పుడు నేలకి ఆనే ఎముక ఉంది చూడండి, ప్రధానంగా అక్కడ మొదలై మోకాలు దాటి అతుక్కుంటాయి. అందుకే అవి సాగాలంటే మడత తుంటి కీలు దగ్గర పడాలి.

నేనైతే నిలబడి చేయమని ఎవరికీ చెప్పను, వెల్లకిలా పడుకునే చేయాలి. చాప, పొడుగాటి తువ్వాలు చాలు. ఎలాస్టిక్ బ్యాండ్లు కొనకండి, తువ్వాలైతే సాగదు కాబట్టి ఎంత లాగుతున్నామో చేతికి తెలుస్తుంది. పది నిమిషాలు నడిచొచ్చి పడుకుని, ఒక కాలు చాపి, రెండో పాదానికి మడమ దగ్గరగా తువ్వాలు తగిలించి పైకి లేపండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

తంటా అంతా ఇక్కడే. కాలు కొంత లేచాక పిరుదు చాప మీంచి లేవడం మొదలవుతుంది, నడుము కింద ఉండే కాస్త సందూ మూసుకుపోతుంది. చూసేవాళ్లకి కాలు ఇంకా పైకి పోయినట్టే ఉంటుంది గానీ నిజానికి కటి, అంటే నడుము కింద ఉండే ఎముకల గూడు, తిరిగిందంతే. ఇది పట్టుకోవాలంటే మొదటి వారం తువ్వాలు ఒక చేత్తోనే పట్టుకుని, రెండో అరచేయి నడుము కింద పెట్టండి. చేతి మీద ఒత్తిడి పెరగగానే ఆగి, కాలు బెత్తెడు కిందికి దించండి. మీ హద్దు అదే. పక్కావిడ కాలు నిలువునా లేస్తోందని పోటీ పడకండి, తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు.

మోకాలు కర్రలా బిగించొద్దు, కాస్త మడత ఉండనివ్వండి. లాగుడు తొడ మధ్యలో తెలియాలి. మోకాలి వెనక పోటు వస్తే తప్పు చేస్తున్నట్టే. పిక్క మీదుగా పాదం దాకా జివ్వుమన్నా, తిమ్మిరెక్కినా అక్కడ గుంజుకుంటున్నది బహుశా సయాటిక్ నరం, నడుము నుంచి కాలి వెనకగా దిగే పెద్ద నరం. నేనూ ఒకప్పుడు ఆ జివ్వుమనడాన్ని 'అబ్బ, బాగా సాగుతోంది' అనుకుని ఇంకాస్త లాగాను, పది రోజులు స్కూటర్ ఎక్కలేకపోయాను. అలా అనిపిస్తే వెంటనే దించేయండి, మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్‌కి చూపించుకోండి.

సరైన చోట ఆగాక 20 నుంచి 30 సెకన్లు, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉండండి. ఊపొద్దు, ఊపితే కండరం తనని తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. ఒక్కో కాలికి రెండు మూడు సార్లు, వారానికి మూడు రోజులు చాలంటారు. నేను మాత్రం రోజూ చేస్తాను, అదీ రాత్రి పడుకునే ముందే.

తర్వాత రెండో కాలు. రెండూ ఒకే ఎత్తుకి లేవకపోతే టెన్షన్ పడకండి, నాకు ఇప్పటికీ ఎడమది కుడిదానంత లేవదు. అయ్యాక పక్కకి తిరిగి, చెయ్యి ఆనించి లేవండి.