చిట్టి రైలు పాఠాలు – 4: ఒకే చోట పట్టాలు తప్పే ఇంజన్

పోయిన పాఠంలో పట్టాల పని చూశాం. జాయినర్ల దగ్గర, అంటే రెండు పట్టా ముక్కల్ని కలిపేచోట, గోరుతో గీస్తే ఎక్కడా తట్టుకోకూడదని, వంపు మధ్యలో అతుకు రాకుండా చూసుకోమని చెప్పాను. ఆ పని పూర్తయిందనుకునే ఈ పాఠం రాస్తున్నాను. కాకపోతే ముందు అది చేసుకుని రండి. పట్టాలో తప్పు పెట్టుకుని ఇంజన్ విప్పితే, బాగున్న ఇంజన్‌ని పాడు చేసుకున్నట్టే.

ఇంకో మాట. మనం మామూలుగా రైలు పెట్టెనే బోగీ అంటాం. రైల్వే వర్క్‌షాపులో మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఈ పాఠంలో బోగీ అన్నచోటల్లా ఆ చట్రమే. కొలతలన్నీ హెచ్‌ఓ సైజువి, అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఓఓ సైజు బండ్లు కొంచెం పెద్దవే అయినా అవీ 16.5 పట్టాల మీదే నడుస్తాయి కాబట్టి ఇందులో చాలామటుకు వాటికీ పనికొస్తుంది.

స్క్రూడ్రైవర్ తీయకముందు

ఇంజన్ పడిపోగానే అందరం చేసే పని ఒకటే: తీసి మళ్లీ పట్టాల మీద పెట్టేయడం. పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. ఏ చక్రం కిందికి దిగిందో చూసి, ఆ చోట పట్టా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. పది చుట్లు అలా తిప్పండి. తర్వాత ఇంజన్‌ని ఎత్తి, ముందు వెనకాలు మార్చి పెట్టి ఇంకో పది చుట్లు. ఆ తర్వాత రివర్స్‌లో.

అన్ని ఇంజన్లూ ఒకే గీత దగ్గర పడుతుంటే తప్పు పట్టాది. ఒకే ఇంజన్ ఎక్కడపడితే అక్కడ పడుతుంటే తప్పు ఇంజన్‌ది. ఈ రెండూ తేలిక. తల తినేది మూడోది: ఒకే ఇంజన్, ఒకే చోట. మిగతా ఇంజన్లు అక్కడ హాయిగా వెళ్లిపోతాయి, ఈ ఇంజన్ మిగతా చోట్ల హాయిగా తిరుగుతుంది. ఈ పాఠంలో ఎక్కువ భాగం దాని గురించే.

మా బావమరిది న్యూజెర్సీ నుంచి వస్తూ ఎవరో అమ్మేస్తున్న పాత ఆల్కో డీజిల్ మోడల్ ఒకటి తెచ్చాడు. మన రైల్వేకి డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ డిజైన్ ఇచ్చిన అమెరికా కంపెనీ ఆల్కోనే కాబట్టి చూడగానే చుట్టాన్ని చూసినట్టు ఉంటుంది. రెండు బోగీలు, ఒక్కోదానికి మూడు ఇరుసులు. ఈ బండి మా రెండో పాయింట్ల (పట్టా రెండుగా చీలే చోటు) దగ్గర, అడ్డపట్టాకి మళ్లేచోట, నాలుగు సార్లకు మూడు సార్లు పడేది. నడుస్తున్నప్పుడు సన్నగా టిక్కు టిక్కుమనేది కూడా. పాతది కదా, గొణుక్కుంటుందిలే అనుకున్నాను.

"మావయ్యా, పాయింట్లు పాడైపోయాయి, మార్చేద్దాం" అన్నాడు మా మేనల్లుడు.

"మిగతా రెండు ఇంజన్లు ఎలా వెళ్తున్నాయిరా మరి?"

"అవి చిన్నవి కదా."

చిన్నవనేది నిజమే. అయినా కొలవకుండా మార్చొద్దు అన్నాను. ఫోన్‌ని పట్టా పక్కన పడుకోబెట్టి, స్లో మోషన్‌లో పెట్టి, ఇంజన్‌ని నత్త నడకన వదిలాం. ఈ ఒక్క ఉపాయం గంటల తరబడి తల గోక్కునే పని తప్పిస్తుంది. వీడియోలో స్పష్టంగా కనిపించింది. ముందు బోగీలో రెండు ఇరుసులు శుభ్రంగా దాటాయి. మూడో ఇరుసు చక్రం మాత్రం క్రాసింగ్ ముక్కుకి, అంటే రెండు పట్టాలు మొనలా కలిసేచోటికి, తగిలి, దాని మీదికెక్కి, అవతల పడింది.

14.4 అనే అంకె

ఇప్పుడు వెర్నియర్ కాలిపర్ తీయండి. డిజిటల్‌ది ఉంటే మంచిది. ఇంజన్‌ని మెత్తటి గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కో ఇరుసుకూ రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. ఒక్కోచోట ఒక్కో అంకె వస్తే చక్రం వంకరగా తిరుగుతోందని అర్థం. 14.4 నుంచి 14.5 మి.మీ. మధ్య ఉంటే నేను ముట్టుకోను.

మా ఆల్కోలో ఐదు ఇరుసులు 14.4 చూపించాయి. ఆ మూడోది 14.9.

అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. చక్రం అంచు, అంటే పట్టా లోపలివైపు దిగి ఉండే ఫ్లాంజ్, సుమారు 0.75 మి.మీ. మందం ఉంటుంది. 14.9కి రెండు పక్కలా 0.75 చొప్పున కలిపితే 16.4. పట్టాల మధ్య 16.5 ఉంది కాబట్టి మామూలు పట్టా మీద ఇరుకుగానైనా సరే నడిచిపోతుంది. అందుకే మిగతా చోట్ల పడలేదు. పాయింట్ల దగ్గర సంగతి వేరు. అక్కడ చెక్ రైలు, అంటే పట్టా లోపలివైపు సన్న సందు వదిలి పెట్టిన పొట్టి పట్టా, ఒక పక్క చక్రాన్ని వీపు దగ్గర పట్టుకుని లాగి, రెండో పక్క చక్రం క్రాసింగ్ ముక్కుకి తగలకుండా తప్పిస్తుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువైతే చెక్ రైలు ఎంత లాగినా రెండో చక్రం అంచు ముక్కుని గుద్దుకుంటుంది. దూరం తక్కువైతే ఇంకో తంటా: చక్రాల వీపులు ఒక పక్క చెక్ రైలుకీ, రెండో పక్క ముక్కు దగ్గరి పట్టాకీ ఒత్తుకుని, ఇరుక్కుని పైకి లేస్తాయి.

పాయింట్లు మార్చి ఉంటే డబ్బు దండగయ్యేది, బండి మళ్లీ పడేది.

సరే, ఐదు ఇరుసులు బాగుండి ఆ ఒక్కటే ఎందుకు జరిగింది? టిక్కు టిక్కు చప్పుడు గుర్తుందా, జవాబు అందులో ఉంది. ఇలాంటి చాలా డీజిల్ మోడళ్లలో ఇరుసు ఒకే ఊచ కాదు. మధ్యలో ప్లాస్టిక్ గేరు గొట్టం, దాని రెండు పక్కల నుంచి చక్రాల పొట్టి ఊచలు బిగుతుగా దిగి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగువుకే ప్లాస్టిక్ నిలువునా చీలుతుంది. చీలిక దగ్గర రెండు పళ్ల మధ్య సందు పెరిగి, చక్రం తిరిగే ప్రతి చుట్టులో ఒకసారి టిక్కుమంటుంది. పట్టు సడలిన ఊచ మెల్లగా బయటికి జరుగుతుంది. చప్పుడు, పడిపోవడం రెండు జబ్బులు అనుకున్నాను. జబ్బు ఒకటే.

దీన్ని బండి విప్పకుండానే అనుమానించొచ్చు. అసలు బండిలోని 40 అంగుళాల చక్రాన్ని 87తో భాగిస్తే 11.7 మి.మీ., చుట్టుకొలత సుమారు 37 మి.మీ. స్కేలు పట్టా పక్కన పెట్టి ఇంజన్‌ని నెమ్మదిగా నడపండి. దాదాపు 37 మి.మీ.కి ఒకసారి కుదుపు వస్తుంటే చక్రం గానీ, దాని గేరు గానీ. అంతకన్నా గబగబా వస్తుంటే మోటారు వైపు చూడాలి.

చీలిన గేరుని సూపర్ గ్లూతో అతికించాలని చూడకండి. నేను చూశాను, రెండు రోజులు. ఆ జారుడు ప్లాస్టిక్ మీద గ్లూ నిలవదు, పైగా పళ్లలోకి దిగి కూర్చుంటుంది. పళ్లు లెక్కపెట్టి, పొడవు, రంధ్రం కొలిచి అదే కొలత కొత్త గేరు తెప్పించండి. ఊచని సుత్తితో కొట్టకుండా చిన్న బెంచ్ వైస్‌లో పెట్టి కొంచెం కొంచెంగా నొక్కండి. నొక్కినప్పుడల్లా కాలిపర్ పెట్టి చూస్తూ 14.4 దగ్గర ఆపండి. ఒక గేరు చీలిందంటే మిగతా ఐదూ అదే వయసువి. ఆరూ మార్చేయడం నయం.

ఆవిరి ఇంజన్ల వాళ్లు మాత్రం జాగ్రత్త. పక్కన ఊచలతో కలిపి ఉన్న పెద్ద చక్రాలను ఇలా ఊడదీయొద్దు. కుడి ఎడమ చక్రాల మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. అది చెడితే బండి కుంటుతుంది, ఇంట్లో సరిచేయడం కష్టం.

కొలతలు సరిగ్గా ఉన్నా పడుతుంటే

బల్ల మీద అద్దం ముక్క పెట్టి ఇంజన్‌ని దాని మీద నిలబెట్టండి. ప్రతి చక్రం కిందికీ సన్నటి కాగితం తోయండి. మూడు ఇరుసుల బోగీలో మధ్య చక్రం ఒక్క వెంట్రుకవాసి కిందికి ఉన్నా బోగీ తూగుటుయ్యాలలా ఊగుతుంది, చివరి చక్రాల కింద కాగితం సులువుగా దూరిపోతుంది. ఎక్కువసార్లు కారణం ఇరుసు కూర్చునే గాడిలో చిక్కుకున్న ప్లాస్టిక్ పొక్కు, లేదా గట్టిపడ్డ గ్రీజు.

తర్వాత బోగీని వేలితో ఒక పక్కకి తిప్పి వదలండి. వదిలినచోటే ఉండాలి. స్ప్రింగులా వెనక్కి వస్తే లోపల వైర్లు బిరుసుగా ఉండి లాగుతున్నట్టు. వంపులో అదే లాగుడు చక్రాన్ని పట్టా మీదికి ఎక్కిస్తుంది. మెత్తటి సన్న వైరు వేసి కాస్త వదులు ఇస్తే చాలు.

ఆగి ఆగి నడిచే ఇంజన్

దీనికి నూటికి తొంభై పాళ్లు మురికే కారణం అని నా నమ్మకం. చక్రాల మీద పేరుకునే నల్లటి పొర, పట్టాల నుంచి చక్రాల ద్వారా ఇంజన్‌కి వచ్చే కరెంటుని ఆపేస్తుంది. టిష్యూ కాగితాన్ని పట్టాల మీద అడ్డంగా పరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపండి. ఫోన్ రిపేరు షాపుల్లో వాడేది అదే. ఇంజన్‌ని గట్టిగా పట్టుకుని ఒక బోగీ కాగితం మీద, రెండోది ఉత్త పట్టా మీద ఉంచి కరెంటు ఇవ్వండి. కాగితం మీది చక్రాలు గిరగిరా తిరిగి నల్ల గీతలు వదులుతాయి. కాగితం మారుస్తూ గీతలు రాకుండా పోయేదాకా చేసి, బండిని తిప్పి రెండో బోగీకీ అదే చేయండి. గరుకు కాగితం మాత్రం వద్దు. గీతలు పడ్డ చక్రం ఇంకా త్వరగా మురికి పడుతుంది.

నూనె కుట్టు మిషన్‌ది చాలు, అదీ గుండుసూది మొనకి అంటినంత. తాళం కప్పల్లో వేసే అలవాటుకొద్దీ కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు. చలికాలం పొద్దున్నే అది గడ్డకడుతుంది, కొన్నాళ్లకి జిగురవుతుంది. మోటారు బ్రష్‌ల (మోటారులోకి కరెంటు అందించే చిన్న ముక్కలు) దగ్గర అసలు ఏ నూనే పడకూడదు.

ఈ వారం పని

మీ దగ్గరున్న ప్రతి ఇంజన్‌కీ నోటుబుక్కులో ఒక పేజీ తీయండి. ప్రతి ఇరుసు కొలత, అద్దం మీద ఊగుతోందా లేదా, కుదుపు ఎన్ని మిల్లీమీటర్లకి వస్తోంది, ఇవి రాసి తేదీ వేయండి. వచ్చే పాఠం పాయింట్ల మీద. దానికి గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి పక్కన పెట్టుకోండి. దాని మందం 0.76 మి.మీ., దాదాపు చక్రం అంచు మందమే. చెక్ రైలు సందులో అది ఎక్కడా బిగుసుకోకుండా జారుతోందో లేదో ముందుగా చూసి ఉంచండి.