మార్మన్ చీలికల చరిత్రను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి

మా అమ్మాయి అమెరికాలోని కాన్సస్ సిటీలో ఉంటుంది. పక్కనే ఉన్న ఇండిపెండెన్స్ పట్టణంలో ఒక పచ్చిక స్థలం చూపించింది. ఆలయం ఇక్కడే కట్టాలని 1831లో మార్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ నిర్ణయించిన చోటు అది. ఆలయం లేదు. ఆ స్థలంలోనే ఒక చిన్న సంఘం వారి తెల్లని భవనం, రోడ్డు దాటితే శంఖంలా మెలితిరిగిన గోపురంతో మరో సంఘం ఆలయం, ఇంకోవైపు యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ కేంద్రంగా ఉన్న అతిపెద్ద మార్మన్ సంఘం వారి సందర్శకుల కేంద్రం. ముగ్గురూ ఒకే ప్రవక్తకు వారసులమంటారు. 30 ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నన్ను ఆ స్థలం వదలలేదు. కొత్తగా చదివేవారికి నా పద్ధతి చెబుతాను.

సాల్ట్ లేక్ నుంచి వెనక్కి చదవకండి. 1844 జూన్ 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైలులో అల్లరిమూక జోసెఫ్‌ను, అన్న హైరమ్‌ను కాల్చి చంపింది. అక్కడ మొదలుపెట్టండి. హైరమ్ బతికి ఉంటే వారసత్వ తగాదా ఇంత ముదిరేది కాదని నా నమ్మకం. తన తర్వాత ఎవరన్న విషయంలో జోసెఫ్ వేర్వేరు ఏళ్లలో వేర్వేరు దారులు చూపాడు. అందుకే ప్రతివారికీ పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం దొరికింది.

తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని, తానే వారసుడినన్న ప్రతి ఒక్కరికీ ఒక పేజీ కేటాయించండి. ప్రతి వాదన పక్కన రెండు తేదీలు రాయండి: అది జరిగిందంటున్న రోజు, మొదటిసారి కాగితం మీదకెక్కిన రోజు. అదే ఏడు ఆగస్టు 8న, అప్పట్లో సంఘానికి కేంద్రమైన నావూ పట్టణంలో జరిగిన సభనే చూడండి. జోసెఫ్ సలహాదారు సిడ్నీ రిగ్డన్ తానే సంఘానికి సంరక్షకుడినన్నాడు. సంఘ పెద్దలైన పన్నెండుమంది అపొస్తలుల తరఫున బ్రిగమ్ యంగ్ మాట్లాడాడు. జనం ఎక్కువగా యంగ్ వైపు నిలిచారు; తర్వాత ఆయన వెంట పశ్చిమానికి వెళ్లినవారిదే సాల్ట్ లేక్ సంఘం. ఆ సభలో యంగ్ ముఖంలో జోసెఫ్ కనిపించాడని చాలామంది రాశారు. కానీ ఆ కథనాలు ఎక్కువగా ఏళ్ల తర్వాత రాసినవి. వారు అబద్ధమాడారని నేననను. రెండో తేదీ మాత్రం మరవకండి.

జేమ్స్ స్ట్రాంగ్ పేజీకి ఎక్కువ చోటు ఉంచండి. జోసెఫ్ చనిపోయేనాటికి అతను బాప్తిస్మం పొంది నాలుగు నెలలే అయింది. అయినా తనను వారసుడిగా నియమిస్తూ జోసెఫ్ రాశాడని ఒక ఉత్తరం చూపించాడు. నావూ తపాలా ముద్ర ఉంది, సంతకం మాత్రం జోసెఫ్ చేతిరాతకు సరిపోదు. జోసెఫ్ తమ్ముడు విలియం కూడా కొంతకాలం ఆయన వెంట నడిచాడు. స్ట్రాంగ్ 1850లో మిషిగన్ సరస్సులోని బీవర్ దీవిలో రాజుగా కిరీటం పెట్టుకున్నాడు, 1856లో తుపాకీ గుళ్లకు బలయ్యాడు.

జోసెఫ్ కొడుకు మూడో జోసెఫ్‌కు తండ్రి పోయేనాటికి 11 ఏళ్లు. తల్లి ఎమ్మా యంగ్ వెంట పశ్చిమానికి వెళ్లలేదు. 1860 ఏప్రిల్ 6న ఇల్లినాయ్‌లోని ఆంబాయ్‌ పట్టణంలో అతను వేరే సంఘానికి నాయకత్వం స్వీకరించాడు. శంఖపు గోపురం అతని సంఘం వారిదే. తెల్లని భవనం మరో చీలిక నాయకుడు గ్రాన్‌విల్ హెడ్రిక్ అనుచరులది.

చివరగా ఆ స్థలం కోసం ఈ రెండు సంఘాల మధ్య నడిచిన దావా చదవండి. 1894లో మూడో జోసెఫ్ సంఘం గెలిచింది. దావా వేయడంలో మితిమీరిన జాప్యం జరిగిందని పై కోర్టు మరుసటి ఏడే ఆ తీర్పు కొట్టేసింది. పాతకాలం మనుషులు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. వాటి పక్కన కూడా రెండో తేదీ వేయండి: 1892. అప్పటికి కార్తేజ్ ఘటన జరిగి 48 ఏళ్లు.